‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ వెనకున్న చరిత్రను తవ్వడం ఎలా?

ఎం.ఏ. ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నా బల్ల మీద ఒకే పేరా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. 1929లో వాల్ స్ట్రీట్ కుప్పకూలింది, మహా మాంద్యం వచ్చింది, లక్షలమంది రోడ్డున పడ్డారు, ఆ నేపథ్యంలో జాన్ స్టైన్‌బెక్ ఈ నవల రాశాడు. ఇందులో తప్పు ఒక్కటీ లేదు, పనికొచ్చేదీ ఒక్కటీ లేదు. నవల పేరు కొట్టేసి ఆ పదేళ్ళలో వచ్చిన ఇంకే అమెరికన్ నవల పేరు పెట్టినా పేరా చెక్కుచెదరదు. అలాంటి పేరాను నేపథ్యం అనడానికి నాకు మనసొప్పదు.

నేను మహబూబ్‌నగర్‌లో అమెరికన్ సాహిత్యం పాఠాలు చెబుతాను. ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ మా పిల్లలు ఎక్కువగా ఎంచుకునే నవల. ఓక్లహోమాలో భూమి పోగొట్టుకున్న జోడ్ కుటుంబం పాత లారీలాంటి బండి కట్టుకుని కాలిఫోర్నియాకు కూలికి పోవడం కథ. దీని చారిత్రక, సాంస్కృతిక నేపథ్యాన్ని ఎలా వెతకాలో, చేతిలో ఫోను, కాస్త ఓపిక తప్ప ఇంకేం లేని విద్యార్థికి చెప్పినట్టే చెబుతాను. పద్ధతి ఒకటే: పెద్ద చరిత్ర నుంచి నవలలోకి దిగకండి. నవలలో ఒక చిన్న వివరం పట్టుకుని బయటికి నడవండి. తీగ లాగితే డొంక అదే కదులుతుంది.

ముందు పుస్తకం, ఆ తర్వాతే గూగుల్

మంచి ప్రతి ఒకటి సంపాదించండి. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లలో పేజీ నంబర్లు కలవవు, కొన్నింట్లో వాక్యాలే ఎగిరిపోతాయి. పెంగ్విన్ క్లాసిక్స్ ప్రతిలో రాబర్ట్ డిమాట్ రాసిన ముందుమాట, వివరణలు ఉంటాయి, అది చాలు. హైదరాబాద్ వెళ్ళగలిగినవాళ్ళకు ఇంకో దారి ఉంది. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మొదలైంది. తర్వాత దాని పేర్లు మారాయి. అమెరికన్ సాహిత్యం మీద పాత పుస్తకం ఏది కావాలన్నా మా తరం అక్కడికే పరిగెత్తేది. లోపలికి ఎవరిని రానిస్తారో, సభ్యత్వం ఎలాగో ముందే ఫోన్ చేసి కనుక్కుని బస్సెక్కండి.

నవలలో 30 అధ్యాయాలు. కొన్ని జోడ్ కుటుంబం కథ చెబుతాయి. మిగతావాటిలో జోడ్‌లు ఉండరు, రోడ్డు, ట్రాక్టరు, సెకండ్‌హ్యాండ్ కార్ల వ్యాపారి, కరువు ఉంటాయి. చాలామంది పిల్లలు వీటిని దాటేస్తారు. నేపథ్యం వెతికేవాళ్ళకు అసలు సరుకు అక్కడే ఉంది.

మొదటిసారి కథ కోసం చదివేయండి. రెండోసారి పెన్సిల్ పట్టుకోండి. ఊరి పేరు కనిపిస్తే గీత, ధరో కూలి రేటో కనిపిస్తే గీత. పాత్రలు ఒకరికొకరు వివరించుకోకుండా వదిలేసిన మాట కనిపిస్తే రెండు గీతలు. వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మనకు చెబితే తప్ప తెలియదు. నేపథ్యం దాక్కునేది అక్కడే.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద తేదీలు వేసుకోండి. 1936 అక్టోబర్‌లో స్టైన్‌బెక్ వలస కూలీల మీద ‘శాన్ ఫ్రాన్సిస్కో న్యూస్’ పత్రికకు ఏడు వ్యాసాలు రాశాడు. 1938 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని వైసేలియా దగ్గర వరదలో చిక్కుకున్న కూలీ కుటుంబాలను కళ్ళారా చూశాడు. ఆ ఏడాది వేసవి మొదట్లో నవల మొదలుపెట్టి అక్టోబర్‌కల్లా ముగించాడు. 1939 ఏప్రిల్ 14న పుస్తకం వచ్చింది, 1940లో పులిట్జర్ బహుమతి, అదే ఏడాది జాన్ ఫోర్డ్ సినిమా. ఈ తేదీలు పక్కపక్కన చూశాక నవల చివర్లో వచ్చే వరదను బైబిల్ జలప్రళయానికి ప్రతీక అని ఒక్క ముక్కలో తేల్చేయడానికి చెయ్యి రాదు. ప్రతీక కావచ్చు, కాదనను. ముందు అది వైసేలియా వరద.

తేదీల వెంట మనుషులూ దొరుకుతారు. పుస్తకం అంకితం చూడండి: కేరల్‌కు, టామ్‌కు. కేరల్ ఆయన భార్య, నవలకు పేరు సూచించింది ఆవిడే. టామ్ అంటే టామ్ కాలిన్స్, ఆర్విన్ దగ్గర ప్రభుత్వం నడిపిన వలస కూలీల క్యాంపుకు మేనేజరు. నవలలో జోడ్‌ల తల్లి ‘మా’ జోడ్ మొదటిసారి ఊపిరి పీల్చుకునే వీడ్‌ప్యాచ్ క్యాంపు ఇదే. కాలిన్స్ వారం వారం పై అధికారులకు రిపోర్టులు పంపేవాడు. ఎవరెక్కడి నుంచి వచ్చారు, ఏం తిన్నారు, ఏం పాటలు పాడారు, ఏ మాటలు ఎలా పలికారు, అన్నీ అందులో ఉండేవి. ఆ కాగితాలు స్టైన్‌బెక్ చేతికి వచ్చాయి. నవల రాస్తున్న రోజుల్లో ఆయన రాసుకున్న డైరీ ‘వర్కింగ్ డేస్’ పేరుతో 1989లో పుస్తకంగా వచ్చింది. ఈ రోజు ఎంత రాశాను, ఎందుకు రాయలేకపోయాను, పక్కింటి చప్పుడు ఎంత చంపుతోంది, ఇదీ దాని వరస. వ్యాసాలు, డైరీ ఈ రెండూ చదవకుండా విమర్శకుల పుస్తకాలు ముట్టుకోకండి.

సల్లిసా దగ్గర ఆగండి

"మేడమ్, దుమ్ము తుపాన్ల వల్లే కదా జోడ్‌లు ఊరొదిలింది?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. నేను జవాబు చెప్పను. "ఫోన్ తియ్యమ్మా, మ్యాప్‌లో సల్లిసా ఎక్కడుందో చూడు" అంటాను.

జోడ్‌ల పొలం సల్లిసా దగ్గర. అది ఓక్లహోమా తూర్పు కొసన, ఆర్కన్సా సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. ఇప్పుడు దుమ్ము తుపాన్లు చెలరేగిన ‘డస్ట్ బౌల్’ ప్రాంతం మ్యాప్ ఒకటి తెరవండి. పడమటి కాన్సస్, ఆగ్నేయ కొలరాడో, ఈశాన్య న్యూ మెక్సికో, టెక్సస్, ఓక్లహోమాల పాన్‌హ్యాండిల్ (మ్యాప్‌లో పిడిలా పొడుచుకొచ్చిన) ప్రాంతం. ఓక్లహోమా పాన్‌హ్యాండిల్ పడమటి చివరున్న బాయిస్ సిటీకీ సల్లిసాకీ మధ్య 400 మైళ్ళకు పైగా దూరం. 1935 ఏప్రిల్ 14న ‘బ్లాక్ సండే’ నాడు ఆకాశం నల్లబడింది అటువైపు. ఆ మర్నాడే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేఖరి రాబర్ట్ గైగర్ పంపిన వార్తతో డస్ట్ బౌల్ అనే పేరు జనంలోకి వచ్చింది. (సరిగ్గా నాలుగేళ్ళ తర్వాత అదే తేదీకి నవల వచ్చింది. కాకతాళీయం. దాని మీద సిద్ధాంతాలు కట్టకండి.)

సల్లిసా వైపు కరువు లేదని కాదు. ఉంది. కానీ అక్కడి కౌలు రైతును ఇంట్లోంచి తోసింది ముఖ్యంగా దుమ్ము కాదు. మరేమిటి? ఈ ప్రశ్న పుట్టిందంటే మీ పరిశోధన మొదలైనట్టే.

ఇక వెతుకులాట ఊరి నుంచి కౌంటీకి, కౌంటీ నుంచి కౌలుకు పోవాలి. సల్లిసా ఉన్నది సిక్వోయా కౌంటీలో. ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీ వాళ్ళ విజ్ఞాన సర్వస్వం ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. అందులో ముందు కౌంటీ పేజీ చదవండి, తర్వాత కౌలు వ్యవస్థ మీది వ్యాసం. 1935 లెక్కల్లో ఆ రాష్ట్రంలోని పొలాల్లో సగానికి పైగా కౌలుదార్ల చేతిలోనే ఉన్నాయి. ఆ తర్వాత 1933 నాటి వ్యవసాయ సర్దుబాటు చట్టం దగ్గరికి వెళ్ళండి. పత్తి ధర లేవాలంటే పంట తగ్గాలని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం లెక్క వేసింది. ఆ ఏడాది దాదాపు కోటి ఎకరాల పత్తిని నిలువునా దున్నేయించారు. పరిహారం డబ్బు వెళ్ళింది భూమి యజమానికి. కౌలుదారుకు వాటా ఇవ్వాలని కాగితం మీద ఉంది, అతన్నే ఖాళీ చేయిస్తే వాటా గొడవే ఉండదు కదా. చేతికొచ్చిన డబ్బుతో ట్రాక్టరు కొన్నవాళ్ళూ ఉన్నారు. నవల ఐదో అధ్యాయం ఇప్పుడు తిరగేయండి. ఒక ట్రాక్టరు పన్నెండు, పద్నాలుగు కుటుంబాల పని చేస్తుందని యజమాని మనుషులు చెప్పే చోట బ్యాంకు ఉంది, ట్రాక్టరు ఉంది, ఈ చట్టం పేరు మాత్రం లేదు. ఎందుకు లేదు? రూజ్‌వెల్ట్ ప్రభుత్వపు క్యాంపును అంత ఆప్యాయంగా చూపించిన రచయిత, అదే ప్రభుత్వపు చట్టం చేసిన పని జోలికి ఎందుకు పోలేదు? దీని మీదే ఒక ప్రాజెక్టు రాయొచ్చు.

ఇంకో పొర తవ్వండి. ఈ నేలను తాత సంపాదించాడు, ఇండియన్లను (అక్కడి ఆదివాసులను) చంపి తరిమేసి తీసుకున్నాడు అని అదే అధ్యాయంలో కౌలుదార్లు అంటారు. సిక్వోయా కౌంటీకి ఆ పేరు ఎవరి వల్ల వచ్చిందో చూశారా? చెరోకీ అనే ఆదివాసీ తెగ భాషకు లిపి కనిపెట్టిన సిక్వోయా పేరది. ఆయన 1829లో కట్టుకున్న కర్రల ఇల్లు సల్లిసా దగ్గర ఇప్పటికీ ఉంది. 1907లో ఓక్లహోమా రాష్ట్రం అయ్యేదాకా అది చెరోకీ నేషన్ భూమి. 1838-39లో ఆగ్నేయ రాష్ట్రాల నుంచి సైన్యం తోలుకొచ్చిన చెరోకీలకు ఇక మీదే అని ఇచ్చిన నేల. తర్వాత అమెరికా ప్రభుత్వం వేసిన డాస్ కమిషన్ దాన్ని ముక్కలు చేసి మనిషికింత అని పంచింది. ఆ ముక్కలు కౌలు పేరుతో, కొనుగోలు పేరుతో, చాలాచోట్ల నిలువెత్తు మోసంతో తెల్లవాళ్ళ చేతికి జారాయి. ఆ మోసాల చిట్టా యాంజీ డీబో అనే చరిత్రకారిణి రాసింది. ఓక్లహోమా యూనివర్సిటీ ప్రెస్ భయపడి వెనక్కి తగ్గితే 1940లో ప్రిన్స్‌టన్ వాళ్ళు వేశారు. అంటే తుపాకీతో గెలిచిన తాత కథ సల్లిసా చరిత్రకు సరిగా అతకదు. అక్కడ భూమిని మింగింది ఎక్కువగా దస్తావేజులే. జోడ్‌లను తరిమిందీ కాగితాలే. స్టైన్‌బెక్ ఈ రెంటినీ కలిపి చూశాడో లేదో మీరు నవలలోంచి వాదించాలి.

నవలకూ చరిత్రకూ పొంతన కుదరని చోటు దొరికితే కొందరికి టెన్షన్ పట్టుకుంటుంది, రచయితను తప్పు పడుతున్నామేమో అని. అక్కర్లేదు. ఆయన రాసింది నవల. ఎక్కడ తేడా వచ్చిందో చూపించి, ఆ తేడా వల్ల కథకు ఏం కలిసొచ్చిందో చెప్పడం మీ పని.

ఫోటోలు, గొంతులు, జనాభా లెక్కల కాగితాలు

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ తీయించిన ఫోటోలు లక్షకు పైగా ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. వెతుకుడు పెట్టెలో ‘డిప్రెషన్’ అని కొడితే మునిగిపోతారు. ఊరి పేరు కొట్టండి. రస్సెల్ లీ అనే ఫోటోగ్రాఫర్ 1939 జూన్‌లో సల్లిసా చుట్టుపక్కల తిరిగి కౌలు రైతుల ఇళ్ళు, వంటిళ్ళు, పిల్లలను తీశాడు. ప్రతి ఫోటో కింద శీర్షిక, నెల, సంవత్సరం, నెగటివ్ నంబరు ఉంటాయి. నంబరుతో సహా రాసుకోండి. తేదీ చూసి ఒక్క క్షణం ఆగండి కూడా: 1939 జూన్ అంటే నవల అప్పటికే దేశమంతా అమ్ముడుపోతోంది. ఆ కెమెరా జోడ్‌లను వెతుక్కుంటూ వచ్చిందేమో అన్న అనుమానం మీ వ్యాసంలో ఒక వాక్యంగానైనా ఉండాలి.

డొరతియా లాంజ్ 1938లో టెక్సస్ చిల్డ్రెస్ కౌంటీలో తీసిన ఒక ఫోటో తెరిచి కాసేపు చూడండి. దున్నిన చాళ్ళు వంపులు తిరుగుతూ ఇంటి గోడ దాకా వచ్చేశాయి. వాకిలి లేదు, పెరడు లేదు, కోళ్ళు తిరిగే జాగా లేదు. మనిషి జాడ లేని ఇల్లు నాగలి చాళ్ళ మధ్య నిలబడి ఉంది. ట్రాక్టరు వచ్చి వెళ్ళగొట్టింది అని శీర్షికలోనే ఉంటుంది. ఇప్పుడు ట్రాక్టరు గుద్దడంతో ఒక మూల కుంగిపోయిన జోడ్‌ల ఇంటి దగ్గరికి వెళ్ళండి. నిర్జన గృహం అంటూ విమర్శకులు రాసిన పేజీలకన్నా ఈ ఫోటో ఎక్కువ చెబుతుంది.

అదే లాంజ్ 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమోలో తీసిన ‘మైగ్రెంట్ మదర్’ ఫోటో మాత్రం జాగ్రత్తగా వాడాలి. ఈ నవల మీద ప్రెజెంటేషన్ అనగానే అందరూ మొదటి స్లైడ్‌లో అతికించేది దాన్నే. ఆవిడ పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆవిడ చెరోకీ, పుట్టింది ఓక్లహోమా ప్రాంతంలోనే. కానీ కాలిఫోర్నియాకు వచ్చింది 1920లలో, దుమ్ము తుపాన్లు ఇంకా మొదలు కాకముందు. డస్ట్ బౌల్‌కు ముఖచిత్రమైన మనిషి డస్ట్ బౌల్ వలస మనిషి కాదు. ఆ ఫోటో పెట్టాలనుకుంటే ఈ సంగతి కూడా స్లైడ్ మీద పెట్టండి.

గొంతులు వినాలంటే అదే లైబ్రరీలో చార్ల్స్ టాడ్, రాబర్ట్ సాంకిన్ 1940, 41లలో రికార్డు చేసిన సేకరణ ఉంది. ఇద్దరూ బరువైన రికార్డింగ్ మిషన్ మోసుకుని ఆర్విన్, షాఫ్టర్, వైసేలియా లాంటి క్యాంపుల్లో తిరిగారు. పాటలు, కబుర్లు, క్యాంపు కమిటీ మీటింగులు దొరికినవన్నీ పట్టారు. నవల సంభాషణల్లో అక్షరాలు మింగేసిన ఆ యాస కళ్ళతో చదివి విసుక్కున్నవాళ్ళు ఒక అరగంట అవి వినండి. తర్వాత 22, 24 అధ్యాయాలు చదివితే, కమిటీ ఎన్నికలు, శనివారం రాత్రి డాన్సులు, పోలీసును గేటు బయటే ఆపేయడం ఊరికే కల్పించినవి కావని చెవులకే తెలుస్తుంది. క్యాంపుల వాళ్ళు సొంతంగా చిన్న పత్రికలు కూడా వేసుకునేవారు. కొన్ని ఆ సేకరణలోనే కనిపిస్తాయి.

జనాభా లెక్కలు మా పిల్లలెవరికీ తట్టవు, నాకు మాత్రం అన్నింటికన్నా ఇష్టం. అమెరికాలో మనుషుల పేర్లతో ఉన్న సెన్సస్ కాగితాలు 72 ఏళ్ళ దాకా బయటపెట్టరు. 1940 నాటివి 2012లో బయటికొచ్చాయి, నేషనల్ ఆర్కైవ్స్ ద్వారా ఎవరైనా చూడొచ్చు. ఆ ఏడాది కొత్తగా ఒక ప్రశ్న చేర్చారు: 1935 ఏప్రిల్ 1న మీరెక్కడ ఉన్నారు? కర్న్ కౌంటీలో ఆర్విన్ చుట్టుపక్కల షీట్లు తెరిచి ఆ గడుల మీద వేలు పెట్టి కిందికి రండి. పక్కనే పుట్టిన రాష్ట్రం గడి ఉంటుంది. తల్లిదండ్రులు, పెద్దపిల్ల ఓక్లహోమాలో పుట్టి, మూడేళ్ళ పిల్లాడు కాలిఫోర్నియాలో పుట్టాడంటే ఆ కుటుంబం ఏ ఏడాదుల మధ్య రోడ్డెక్కిందో మీకే తెలిసిపోతుంది. చేతిరాత ఇబ్బంది పెడుతుంది, రెండు షీట్ల తర్వాత అలవాటవుతుంది. వ్యక్తుల పేర్లు మీ వ్యాసంలో అక్కర్లేదు.

ఈ లెక్కలన్నీ కూడి చరిత్రకారుడు జేమ్స్ గ్రెగరీ 1989లో ఒక పుస్తకం రాశాడు. ఓక్లహోమా, టెక్సస్, ఆర్కన్సా, మిస్సోరీల నుంచి ఆ దశాబ్దంలో కాలిఫోర్నియాకు మూడు లక్షలమందికి పైగా వచ్చారు. అందరూ రైతులు కారు, పట్నాల్లో పని పోయినవాళ్ళు బోలెడు. అందరూ పొలాల్లోకీ పోలేదు, చాలామంది లాస్ ఏంజిలిస్‌లో దిగారు. సొంతంగా కాగితాలు చూశాక గ్రెగరీని చదవండి. ముందే చదివితే ఆయన కళ్ళతోనే చూస్తారు.

డబ్బు గురించి ఒక మాట. 1938 నాటి డాలరును ఇప్పటి రూపాయల్లోకి మార్చడం దండగ. అంకె వస్తుంది, అర్థం రాదు. నవలలో కూలిని నవలలో ధరతోనే కొలవండి. 26వ అధ్యాయంలో పీచ్ పండ్లు పెట్టె కోస్తే ఐదు సెంట్లు, అంటే డాలరు చీటీకి ఇరవై పెట్టెలు. ఇంటిల్లిపాదీ కోసి తెచ్చిన ఆ చీటీ పట్టుకుని మా జోడ్ తోట కొట్టుకు వెళుతుంది. మాంసం, రొట్టె, బంగాళాదుంపలు, కాఫీ కొనేసరికి చీటీ అయిపోయింది. అన్నీ ఊళ్ళో ధరకన్నా ఎక్కువే, కానీ ఊళ్ళోకి వెళ్ళాలంటే పెట్రోలు కావాలి. చక్కెరకు పది సెంట్లు తక్కువైతే కొట్టు గుమాస్తా తన జేబులోంచి తీసి గల్లాలో వేస్తాడు. ఈ నాలుగు పేజీల లెక్క ఒక పట్టికగా వేసి, పక్కన 1936 వ్యాసాల్లో స్టైన్‌బెక్ ఇచ్చిన కూలీల సంపాదన లెక్కలు పెట్టండి.

చర్చి, బైబిల్ సంగతి తేలిగ్గానే దొరుకుతుంది, అందుకే త్వరగా దాటేస్తాను. నవల పేరు అంతర్యుద్ధ కాలంలో జూలియా వార్డ్ హో రాసి, 1862లో అచ్చయిన యుద్ధగీతం నుంచి వచ్చింది. ఆ గీతానికి మూలం ప్రకటన గ్రంథం 14వ అధ్యాయం. జోడ్‌ల కూతురికి పెట్టిన రోజ్ ఆఫ్ షారన్ అన్న పేరు పరమగీతంలోది. మన దగ్గర చర్చికి వెళ్ళే ఏ ఇంట్లోనైనా తెలుగు బైబిల్ ఉంటుంది, తీసి చూడండి. నవలలోని మాజీ బోధకుడు జిమ్ కేసీ గురించి రాసేటప్పుడు మాత్రం పేరులో జె.సి. అక్షరాలున్నాయి కాబట్టి క్రీస్తు అని ఆగిపోవద్దు. ఆ కాలపు ఓక్లహోమా గ్రామాల్లో పెంతెకొస్తు, హోలీనెస్ కూటాలు ఎలా జరిగేవో చదవండి.

పుస్తకాన్ని తిట్టినవాళ్ళను కూడా చదవండి

మెచ్చుకున్నవాళ్ళ మాటల్లో కాలం సరిగా కనబడదు. 1939లో అమెరికాలో అందరికన్నా ఎక్కువ అమ్ముడైన నవల ఇది. జోడ్‌లు వచ్చి చేరిన కర్న్ కౌంటీలోనే ఆ ఆగస్టులో పాలకమండలి నాలుగు ఓట్లు అనుకూలంగా, ఒకటి వ్యతిరేకంగా పడి స్కూళ్ళలో, లైబ్రరీల్లో దాన్ని నిషేధించింది. నిషేధం 1941 జనవరి దాకా నడిచింది. కౌంటీ లైబ్రేరియన్ గ్రెచెన్ నీఫ్ ఉద్యోగం పోతుందని తెలిసీ నిషేధం వద్దంటూ పాలకమండలికి ఉత్తరం రాసింది. బేకర్స్‌ఫీల్డ్‌లో పెద్ద రైతుల సంఘం మనుషులు పుస్తకాన్ని తగలబెట్టి ఫోటో దిగారు. 1940 జనవరిలో ఓక్లహోమా ప్రతినిధి లైల్ బోరెన్ పార్లమెంటులోనే దుమ్మెత్తిపోశాడు. ఆ ప్రసంగం కాంగ్రెస్ రికార్డుల్లో దొరుకుతుంది. తిట్లలో ఏ వివరం అబద్ధమన్నారు, ఏ వివరం జోలికి రాలేదు అని విడదీసి చూడండి. కూలి రేట్ల గురించి ఏమన్నారు? క్యాంపుల గురించి ఏమన్నారు? బూతు మాటల మీద అంత రగడ ఎందుకు చేశారు?

కోర్టు తీర్పులూ ఇలాగే పనికొస్తాయి. డబ్బులేనివాళ్ళను సరిహద్దు దగ్గరే తిప్పి పంపడం నవల 12వ అధ్యాయంలో ఉంది. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలిస్ పోలీసు చీఫ్ జేమ్స్ డేవిస్ నిజంగానే వందకు పైగా పోలీసులను రాష్ట్ర సరిహద్దులకు పంపాడు. బీదవాళ్ళను రాష్ట్రంలోకి తీసుకురావడం నేరమనే కాలిఫోర్నియా చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 1941లో, ఎడ్వర్డ్స్ కేసులో. టెక్సస్ నుంచి బావమరిదిని తెచ్చుకున్నందుకు ఒకాయనకు శిక్ష పడిన కేసది. తీర్పు ఆన్‌లైన్‌లో ఉంది, పొడవు కూడా ఎక్కువ కాదు.

నవలలో ఎవరు లేరో కూడా రాసుకోండి. 1933లో శాన్ వాకీన్ లోయ పత్తి చేలలో వేలమంది సమ్మె చేశారు, వాళ్ళలో ఎక్కువమంది మెక్సికన్లు. ఫిలిపినోలు, జపాన్‌వాళ్ళు, చైనావాళ్ళు ఆ పొలాల్లో తరతరాలుగా చెమటోడ్చారు. స్టైన్‌బెక్‌కు ఇది తెలుసు, 1936 వ్యాసాల్లో ఒకటి వాళ్ళ గురించే. నవలలోకి వచ్చేసరికి వాళ్ళు దాదాపు మాయమయ్యారు. తెల్ల అమెరికన్ పాఠకుడి జాలి తగ్గకూడదని చేశాడని నా అభిప్రాయం, మీరు కాదనొచ్చు. పక్కన పెట్టాల్సిన ఇంకో పుస్తకం సనోరా బాబ్ నవల. ఆవిడ టామ్ కాలిన్స్‌తో కలిసి క్యాంపుల్లో పనిచేసింది. ఆవిడ రాసుకున్న నోట్సు కాలిన్స్ ద్వారా స్టైన్‌బెక్‌కు చేరాయి. ఆవిడ నవల అచ్చుకు ఒప్పుకున్న ప్రచురణకర్తలు, ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ వచ్చి ఊపేసరికి మార్కెట్లో ఇంకోదానికి చోటు లేదని పక్కన పడేశారు. చివరికి 2004లో వచ్చింది. అందులో కథ నిజమైన డస్ట్ బౌల్ నేల మీదే మొదలవుతుంది.

రాయడానికి కూర్చున్నప్పుడు

ఏఐ చాట్‌బాట్‌ను అడగొద్దని నేను చెప్పను, ఎలాగూ అడుగుతారు. అది ఇచ్చిన కొటేషన్ నవలలో ఉందో లేదో పేజీ తీసి చూడకుండా వాడితే వైవాలో దొరికిపోతారు, అంతే. అది చెప్పిన పుస్తకం అసలు ఉందో లేదో కూడా లైబ్రరీ కేటలాగ్‌లో చూసుకోండి. సినిమాను నవలకు సాక్ష్యంగా వాడకండి, దాని ముగింపే వేరు.

నేపథ్యం మొత్తం మొదటి అధ్యాయంలో కుప్పపోసి, మిగతా అధ్యాయాల్లో దాని ఊసే ఎత్తకపోవడం మన దగ్గర ఆనవాయితీ. ఆ చాప్టరు తీసేయండి. ట్రాక్టరు గురించి రాసేచోట చట్టం, కొట్టు గురించి రాసేచోట కూలి రేటు, తాత మాటలు వచ్చేచోట చెరోకీ భూమి రావాలి. సేకరించినదంతా వాడాలనీ లేదు. సిక్వోయా ఇంటి సంగతి ఎంత నచ్చినా మీ వాదనకు పనికి రాకపోతే వదిలేయండి.

ఇక మా జిల్లా పిల్లలకు వచ్చే పెద్ద ఊరింపు పాలమూరు లేబర్. మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి, గుంపును లారీ ఎక్కించి, డ్యాముల పనులకు దేశమంతా తిప్పిన వలస. చాలామంది ఇళ్ళల్లో తాతలు ఆ లారీలు ఎక్కినవాళ్ళే, పోల్చాలనిపించడం సహజం. పోల్చండి, కానీ ఆఖర్న, అదీ తేడాలతో మొదలుపెట్టి. జోడ్‌లకు అడ్వాన్స్ ఇచ్చి తీసుకెళ్ళిన మేస్త్రీ లేడు, కాగితం మీద అచ్చేసిన ప్రకటన నమ్మి సొంత బండిలో పోయారు. పాలమూరు కూలీకి తిరిగి రావడానికి ఊళ్ళో ఇల్లు మిగిలేది, జోడ్‌ల ఇంటిని ట్రాక్టరు గుద్ది పాడుచేసింది. ఇంట్లో తాత ఉంటే ఏ డ్యాముకు వెళ్ళాడో, ఏ సంవత్సరమో, రోజుకు ఎంతిచ్చారో, అడ్వాన్స్ ఎన్నాళ్ళకు తీరిందో అడిగి, తేదీ వేసి రాసుకోండి. ఆయన చెప్పిన ఊళ్ళ పేర్లు కూడా మ్యాప్‌లో చూడండి.